మంచుకి మాడని మేత

అనగనగా ఒక ఊళ్ళో, మబ్బులకి పొరుగున ఉండే కొండమీది ఊళ్ళో, గురువారి అని ఒకావిడ ఉండేది. దుప్పటి మెడదాకా లాక్కో తల్లీ, అక్కడ భలే చలి.

ఆవిడకి మల్లి అనే ఆవు తప్ప ఎవరూ లేరు. చలికాలం వస్తే ఆ ఊళ్ళో గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకునేది. ఎండ తగలగానే గడ్డంతా కమిలిపోయేది. పశువులకి డొక్కలెండిపోయేవి. ఒక ఏడు మల్లికి పాలు పడక, దాని దూడ గురువారి ఒళ్ళోనే ప్రాణం వదిలింది.

"ఇంకో దూడని ఇలా పోనివ్వను" అనుకుంది గురువారి.

అప్పుడు మల్లిని తోలుకుని, మేత వెతుక్కుంటూ కొండ పైకెక్కింది. అక్కడ అంత మంచులోనూ పచ్చగా నిలబడ్డ ఒక పొద కనిపించింది. దానికి చిక్కుడుకాయల్లాంటి బుల్లి కాయలు. మల్లి ఆ ఆకుల్ని ఎంత ఇష్టంగా తిందనుకున్నావ్! గురువారి ఎండుకాయలు కోసి కొంగున మూట కట్టుకుంది.

ఆ తర్వాత వానలు పడగానే ఏటి పక్క పల్లంలో గింజలు వేసింది. చలికాలంలో చల్లగాలంతా పల్లంలోకే దిగింది. లేతమొక్కలన్నీ చచ్చిపోయాయి.

మరుసటి ఏడు ఎండ తగిలే వాలులో వేసింది. ఈసారి ఊరి మేకలు మొదలంటా కొరికేశాయి.

పొరుగింటి బుద్రు పకపకా నవ్వాడు. "ఆవు కోసం తోట వేస్తున్నావా, వదినా?"

ఆవిడ మిగిలిన గింజలు తీసింది. మూడోసారి అదే వాలులో వేసి, చుట్టూ ముళ్ళకంప కట్టింది. సాయంత్రం మొక్కల మీద ఎండుటాకులు కప్పేది, పొద్దున్నే తీసేది, పసిపిల్లకి బొంత కప్పినట్టు. మొక్కలు బతికాయి!

మల్లి కంచె దగ్గర నిలబడి అంబా అని అరిచేది. "ఇంకా వేరు ఊనలేదే, ఇప్పుడు కోస్తే చచ్చిపోతాయి" అని దాని మెడ నిమిరేది గురువారి. అడవిలోకి ఎంతో దూరం పోయి వేరే ఆకులు తెచ్చిపెట్టేది. ఎంత ఓపికో చూశావా!

ఆ పై చలికాలానికి పొదలు ఆవిడ నడుం దాటాయి. మల్లి మళ్ళీ ఈనింది. అప్పుడే మంచు పడి ఊరి గడ్డంతా కమిలిపోయింది. గురువారి కింద మోళ్ళు వదిలేసి, పైకొమ్మలు కోసి మల్లికి వేసింది. పొదుగు నిండింది. దూడ తోక ఆడిస్తూ పాలు తాగుతుంటే, ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ అక్కడే కూర్చుండిపోయింది.

అప్పుడు బుద్రు వచ్చాడు. కంచె దగ్గరే తల దించుకుని నిలబడ్డాడు.

"మా ఆవు లేవడం లేదు, వదినా" అన్నాడు.

"నిలబడ్డావేం? కొడవలి పట్టు" అంది గురువారి. "మోడు మాత్రం నరక్కు, మళ్ళీ చిగురేస్తుంది."

రోజూ ఇద్దరూ కలిసి కోశారు. బుద్రు ఆవు మెల్లగా లేచి నిలబడింది.

ఆ తర్వాత కాయలు ఎండాక, గురువారి ఇంటింటికీ దోసెడు గింజలు పంచింది. పల్లంలో వేయొద్దని చెప్పింది. కంచె కట్టడం బుద్రు నేర్పాడు. ఆపైన ఆ ఊళ్ళో ఏ దూడా ఆకలితో పోలేదు. ఆ వాలుని అందరూ గురువారి వాలు అని పిలుచుకున్నారు.

కథేమో కంచికి,
నువ్వేమో మంచానికి,
కళ్ళేమో నిద్దరకి,
అమ్మమ్మ నీ పక్కకి!