గోడ మీద మూడు దెబ్బలు

ఇమ్మానుయేలు మాస్టారిని ప్రశ్న అడగడం దండగని విశాఖలో ఆయన దగ్గర గిటారు నేర్చుకున్నవాళ్లందరికీ తెలుసు. అడగ్గానే ఆయన తీగలు శ్రుతి చేసుకోవడం మొదలుపెడతారు. శ్రుతి కుదిరేసరికి అడిగినవాళ్లకు విసుగొచ్చి లేచిపోతారు. ఆ రోజు హిమజ మాత్రం జవాబు వినకుండా లేవకూడదనుకుంది. మర్నాడు ఆమె పాట విడుదల. వేదికెక్కి ఆ పాట ముగింపు గురించి నాలుగు మాటలు చెప్పాలి.

పాట నిజానికి ఆమెది కాదు. పాతికేళ్ల కిందట రూబేను అనే కుర్రాడు ఇంటి వెనకగదిలో టేప్‌రికార్డరు ముందు కూర్చుని పాడిన రాక్ పాట. పక్కన గిటారు వాయించింది మాస్టారే. సినిమా పాటలా తియ్యగా ఉండదది, గొంతు చీరుకుపోతున్నట్టు ఉంటుంది. రెండో చరణం మధ్యలో ఎక్కణ్ణుంచో మూడు దెబ్బలు వినబడతాయి, సగం మాట మీద పాట ఆగిపోతుంది. ఆ వారంలోనే రూబేను ప్రాణం తీసుకున్నాడు. క్యాసెట్టు మాత్రం చేతులు మారుతూ కాలేజీ హాస్టళ్లలో బతికింది. చచ్చినవాడి పాటకు అర్థాలు చెప్పేవాళ్లకు కొదవేముంది? ఆ దెబ్బలు మృత్యువు తలుపు తట్టడమని కొందరు, గుండె చప్పుడని కొందరు వాదించుకున్నారు. హిమజ ఆ పాటను తన గొంతుతో మళ్లీ పాడి, దెబ్బల్ని పెద్ద డ్రమ్ము మీద మోగించింది. ముందుగా విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

"మాస్టారూ, మీరు ఆ గదిలోనే ఉన్నారు కదా. ఆ మూడు దెబ్బలకి అర్థమేంటి?"

మాస్టారు తీగల జోలికి పోలేదు. లేచి చెప్పులు వేసుకున్నారు. "సువార్తమ్మగారు నీ పాట వింటానని కబురు పెట్టారు. పద," అన్నారు.

సువార్తమ్మ రూబేను తల్లి. ఆసుపత్రిలో ఆయాగా చేసి, ఒంట్లో ఓపిక లేక మానేసిన మనిషి. విడుదలకు ముందు ఆవిడ దీవెన దొరుకుతుందని హిమజ సంబరపడింది. వాళ్లింట్లో ఆవిడ మంచం పక్కన కూర్చుని ఫోన్లో పాట పెట్టింది. కొడుకు మాటలు పరాయి పిల్ల గొంతులో వస్తుంటే ఆవిడ కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. దెబ్బలు పడ్డాయి. పాట ఆగింది. ఆవిడ కుడిచెయ్యి కొంగులోకి లాక్కుంది.

"ఆ కొట్టింది ఎవరమ్మా?"

"నేనేనండీ. అందరూ అక్కడే ఏడుస్తున్నారు," అంది హిమజ, కాస్త గర్వంగానే.

"నేనింత గట్టిగా కొట్టలేదమ్మా."

హిమజకు అర్థం కాలేదు. మాస్టారు నేల చూపులు చూస్తున్నారు.

"రాత్రి డ్యూటీ చేసొచ్చి పక్కగదిలో పడుకున్నాను. తల పగిలిపోతోంది. ఆపరా నాయనా అని గోడ మీద తట్టాను. ఆపేశాడు," అంది సువార్తమ్మ. "వాడెప్పుడూ నా మాట జవదాటలేదు."

టీ పెడతానని లేచి వెళ్లి, స్టవ్ వెలిగించకుండా దాని ముందే నిలబడిపోయింది. వాళ్లు ఎంతసేపు కూర్చున్నా టీ రాలేదు.

బయటికొచ్చాక హిమజకు తన మీద తనకే అసహ్యం వేసింది. నిద్ర చాలని ఒక తల్లి విసుగును డ్రమ్ము మీద వాయించి, రేపు జనం చేత చప్పట్లు కొట్టించుకోబోతోంది. ఇంతకాలం ఈ సంగతి చెప్పనందుకు మాస్టారి మీదా కోపం వచ్చింది.

"ఆ దెబ్బలు తీసేస్తాను మాస్టారూ."

"తీసెయ్," అన్నారు మాస్టారు. "అవి లేకపోతే వాడు పాడుతూనే ఉండాలి మరి. తర్వాతి మాట ఏమిటి?"

తనకు తెలియదంది హిమజ. ఆయనకు తెలుసనుకుని ఆయన ముఖంలోకి చూసింది.

"నాకూ తెలీదు," అన్నారాయన. "వాడు ఆపగానే గిటారు సంచిలో పెట్టుకుని ఇంటికెళ్లిపోయాను. అడగలేదు."