రిబ్కమ్మ పక్కన చోటు

పరంజ్యోతి మాస్టారిని ఏదైనా అడిగితే ముందు తలూపుతారు. జవాబు వెంటనే రాదు. వచ్చినా నోటితో రాదు. ఆయన నడిపే చర్చి క్వయర్‌లో పాడేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. కొత్తగా చేరిన కెజియాకే తెలియదు.

పదునైన చెవి ఆ పిల్లది. గురువంటూ లేకుండా, ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని తనకు తానే సాధన చేసింది. ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారండీ, అందరూ కలిసి శ్రుతి దిగిపోతుంటే తెలిసినవాళ్లు ఏం చెయ్యాలండీ? తప్పని తెలిసీ వాళ్లతోపాటు దిగిపోవాలా?"

మాస్టారు తలూపారు.

అడగడానికి కారణం ఉంది. ఆ చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు హార్మోనియం మూసి గుడ్డ కప్పేస్తారు; ఉత్త గొంతులతోనే పాడాలి. ప్రాక్టీసులో హార్మోనియం ఆపితే చాలు, చరణం చరణానికీ పాట కిందికి జారుతోంది. కెజియా మొదటి శ్రుతిని వదలదు. ఆమె స్వరమే సరైనది. అయినా అందరి మధ్యా అదే అపస్వరంలా వినిపిస్తోంది. ఆడవాళ్లలో ముందుండి పాట ఎత్తే రిబ్కమ్మ చివరికి తెగేసి చెప్పింది.

"ఆ పిల్ల గొంతు దబ్బనంలా గుచ్చుతోందండీ. శుక్రవారం తనన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

"ఇద్దరూ ఉంటారు. తనని మీ పక్కనే నిలబెడతాను. గుచ్చితే గిల్లండి," అన్నారు మాస్టారు.

అందరూ నవ్వారు. కెజియాకు ఏడుపొచ్చినంత పనైంది. క్వయర్ పోతే నలుగురితో కలిసి పాడుకోవడానికి తనకు మరో చోటు లేదు.

ఆ రోజు ఆయన ఆమెను పాడనివ్వలేదు. "ఆవిడ పక్కన నిలబడి విను, చాలు."

వింది. తప్పులు పట్టుకుందామనే వింది. తీరా చూస్తే రిబ్కమ్మ చెవికి ఏ లోపమూ లేదు, లోపమల్లా ఊపిరిది. పొడుగాటి పాదం చివరికొచ్చేసరికి ఆవిడకు గాలి చాలడం లేదు. ఆఖరి స్వరం వడిలి కాస్త కిందికి వాలుతోంది. వాలిన చోటునుంచే మిగతావాళ్లు తర్వాతి పాదం ఎత్తుకుంటున్నారు. ఆవిణ్ణి వదిలేసి ఒక్కరూ పైకి పోవడం లేదు. అది తప్పో, మర్యాదో కెజియాకు తేలలేదు.

శుక్రవారం వచ్చింది. పాదం మధ్యలోనే, పక్కవాళ్లకు తెలియకుండా, కెజియా ఊపిరి పీల్చి దాచుకుంది. చివర రిబ్కమ్మ గొంతు సన్నబడగానే, జారుతున్న బిందె కింద చెయ్యి పెట్టినట్టు మెత్తగా ఆ స్వరాన్ని నిలిపింది. రిబ్కమ్మ ఓరగా చూసింది. గిల్లలేదు. తర్వాతి పాదం అక్కడినుంచే ఎత్తుకుంది. మూడో చరణానికల్లా పాదం చివర తనే ఆగి, తీరిగ్గా గాలి పీల్చుకుంటూ, ఆఖరి స్వరం పిల్లకే వదిలేసింది.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ, "ఈస్టరుకి తెల్లారకుండానే రావాలి పిల్లా. నిద్రమొహంతో వచ్చి నా పక్కన నిలబడకు," అనేసి పోయింది.

కెజియా మనసు నిండింది. చెవి ఊరుకోలేదు. లోపలికెళ్లి మాస్టారి ముందు నిలబడింది.

"అయినా కొద్దిగా దిగిందండీ."

"దిగింది," అన్నారు మాస్టారు, పాటల పుస్తకాలు సర్దుతూ. "రిబ్కమ్మగారు ఒకరి కోసం ఆగి వినడం నేను చూడ్డం ఇదే మొదటిసారి."