నక్క చూపించిన వేడి గుంత

గుమ్మడికొండ అడవిలో చలి ముదిరిందంటే జంతువులన్నీ వేడి ఊట దగ్గరికి చేరేవి. ఊట చుట్టూ రాళ్లు రాత్రంతా వెచ్చగా ఉండేవి. వాటి మీద పడుకోవాలంటే ఇంటికి ఒక నోరు, అంటే నోటినిండా పట్టినన్ని ఎండు ఇప్పపూలు దొరగారి గాదెలో పోయాలి. దొర ఏనుగు. గాదె చూసుకునే మంత్రి నక్క.

మూడేళ్ల కిందట నక్క ఆ పన్నును మూడు నోళ్లకు పెంచింది.

"ఒక్క ఊట అందరికీ చాలడం లేదు. తూర్పు లోయలో ఇంకో ఊట కోసం పరిశోధన చేయిస్తాను. అది దొరికితే వెచ్చదనం చవకవుతుంది," అంది. అప్పటిదాకా గాదె తిండి తింటూ ఊట కోసం నేల తవ్వి చూస్తున్న ఏదుపందిని, నీకు తెలివి చాలదని పంపేసింది.

మూడు చలికాలాలు గడిచాయి. ఊట రాలేదు, పన్నూ తగ్గలేదు. ఈ పుష్యమాసంలో మూడు నోళ్ల పూలు కూడక కుందేలు రాళ్ల దగ్గరికి రాలేకపోయింది. దాని పిల్లలు రెండూ చలికి బిగుసుకుపోయాయి.

వాటిని మట్టిలో కప్పడానికి సాయం వెళ్లిన అడవిగేదె అటునుంచి అటే దొర కొలువుకు వచ్చింది.

"దొరా, మూడేళ్లుగా మేం పోసిన పూలతో ఏం పని జరిగింది?"

"పరిశోధనంటే గడ్డి మెయ్యడం కాదు వదినా, టైము పడుతుంది," అంది నక్క.

"ఎంత పడుతుంది?"

"చెప్పలేం."

గేదె మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది.

"నీకు చెప్పడం దున్నపోతు మీద వాన కురిసినట్టే," అని నక్క విసుక్కుంది.

"చెప్పొద్దు మంత్రిగారూ, చూపించండి. అడగందే అమ్మయినా పెట్టదు, అందుకే రోజూ అడుగుతున్నా."

తొమ్మిదో రోజున ఏనుగుకే ఇబ్బందనిపించింది. "చూపించెయ్యి మంత్రీ, గోల వదులుతుంది," అంది.

నక్క వారం గడువు అడిగింది. వారమయ్యాక అందరినీ తూర్పు లోయకు తీసుకెళ్లింది. అక్కడొక గుంత, పైన ఎండాకులు, ఆకుల సందుల్లోంచి ఆవిరి. జంతువులు కాళ్లు పెట్టి చూశాయి. నిజంగానే వెచ్చగా ఉంది.

"కొత్త వేడి ఇదేనా?" అడిగింది గేదె.

"ఇదే."

"ఖాయమా?"

"దొరగారి సాక్షిగా ఖాయం."

"అయితే వెతుకులాట ముగిసినట్టే. ఈరోజు నుంచి పన్ను మళ్లీ ఒక నోటికి దించండి."

నక్క గతుక్కుమంది. "అబ్బే, ఇంకా పూర్తి కాలేదు. మరో మూడేళ్లు..."

"పూర్తి కాకపోతే ఈ వేడెక్కడిది?"

గేదె కొమ్ముతో ఆకులు పక్కకు నెట్టింది. కింద కుళ్లిన గడ్డీ, పేడా.

"ఇది నా పేడే. పెంట మగ్గితే ఆవిరి రాక ఏమవుతుంది? కొన్నాళ్లకు చల్లారిపోతుంది," అంది.

ఏదుపంది గుంత అంచు వాసన చూసింది. "మట్టి పచ్చిగా ఉంది. ఇది మూడేళ్ల తవ్వకం కాదు, మూడు రోజులది."

ఏనుగు కోపంతో తొండం ఎత్తింది. గేదె అడ్డొచ్చింది.

"నక్కను తర్వాత చూద్దురుగాని. ఈ లోయ మీ కొలువుకు కోసెడు దూరం దొరా. మూడేళ్లలో ఒక్కసారి వచ్చి చూసుంటే కుందేలు పిల్లలు బతికుండేవి."

ఎత్తిన తొండం మెల్లగా దిగింది. "తప్పు నాది కూడా," అంది ఏనుగు.

ఆ పూటే పన్ను ఒక నోటికి తగ్గింది. వెతికితే పన్ను పూలు నక్క బొరియలో బయటపడ్డాయి; అవన్నీ ఇంటింటికీ వెళ్లాయి, మొదట కుందేలింటికి. తవ్వే పని మళ్లీ ఏదుపందికి వచ్చింది, ప్రతి పున్నమికీ ఏం చేసిందో అందరి ముందూ చెప్పాలన్న షరతుతో.

మొదటి పున్నమికి ఏదుపంది, "పడమటి వాలు తవ్వాను. అక్కడ లేదు, నా అంచనా తప్పింది. ఇక ఉత్తరం వైపు చూస్తాను," అంది. ఎవరూ సణగలేదు. గేదె ఉత్తరపు దారిలో బండలు తొలగించడానికి ముందు నడిచింది.

ఏదుపంది తవ్విన మట్టిని వెనక్కి తోసే పని నక్కది. తోసిందెంతో అదీ పున్నమికి చెప్పుకోవాలి.

నీతి: వెతికింది దొరకలేదని చెప్పడం తప్పు కాదు, అందరి తిండితో చేసే పనిని అందరి కంటా పడనివ్వకపోవడమే తప్పు.