మంత్రిగారి ఆరు పంచెలు

అనగనగా ఒక ఊళ్ళో ఒక రేవు, ఆ రేవులో ఒక బండ, ఆ బండ మీద దబ్బు దబ్బుమని బట్టలుతికే ఒక కోడలు. పేరు మరిడి. లిఖితా, దుప్పటంతా నువ్వే లాక్కోకు, తమ్ముడికీ కప్పు. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే ఆపేస్తాను మరి.

ఆ ఊరి రాజుగారికి చందమామ మీదికి వెళ్ళాలని మహా కోరిక. మొన్న టీవీలో రాకెట్టు లేస్తే నేనూ చప్పట్లు కొట్టాను కదా, అలాంటివి అప్పుడెక్కడివి? అందుకని మెట్లు కట్టించడం మొదలుపెట్టాడు. కోట పక్క మిట్ట మీద ఇటుక మీద ఇటుక, మెట్టు మీద మెట్టు. వెయ్యిమంది కూలీలు. వండుకోవడం అక్కడే, పడుకోవడం అక్కడే, చెంబు పట్టుకుని వెళ్ళడమూ అక్కడే. నవ్వకండి, గుర్తుపెట్టుకోండి.

ఇంతలో ఊళ్ళో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రాజుగారు దండోరా వేయించాడు. బిందెడు నీళ్ళకి తప్ప ఎవరూ గడప దాటకూడదట. రైతు దాటకూడదు, కుమ్మరి దాటకూడదు, కూరలమ్మి దాటకూడదు. మెట్లు కట్టేవాళ్ళు మాత్రం దాటొచ్చట! మొన్న కరోనాకి మనమూ ఇంట్లో కూర్చున్నాం. జాగ్రత్త వద్దని నేననను. కానీ ఎందుకో చెప్పి కూర్చోబెట్టాలా, వద్దా? మరిడీ అదే అడిగింది. రాజుగారి మాటకి ఎదురేమిటే అని అత్త ఆమె నోరు మూసింది.

తలుపులు మూసినా రోగం ఆగలేదు. అప్పుడు మంత్రిగారు ఒక సంగతి కనిపెట్టాడు. మైలబట్టలు ఇంట్లో ఉంచుకోలేరు కనక, గడప దగ్గర పెట్టిన మాసిన మూటలు ఎత్తుకుంటూ ఊరంతా తిరిగేది చాకలివాళ్ళే, వాళ్ళ పేటలో మాత్రం ఒక్కరికీ జబ్బు రాలేదు, కాబట్టి రోగం మోసుకొచ్చేది వాళ్ళేనన్నాడు. ఇంకేం, రేపు పొద్దుగూకేలోగా పేట పేటంతా ఊరు విడిచి పోవాలని ఆజ్ఞ అయింది. తాతల నాటి రేవర్రా అది! అత్త బట్టలుడికించే బానని కావలించుకుని ఏడ్చింది.

మరిడికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే ఆమె చేతులు ఊరుకోవు. ఉన్న మూటలన్నీ ముందేసుకుంది. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి మూలన నల్లజీడి గింజ రసంతో ఎంత ఉతికినా పోని గుర్తు పెడతాం కదా, ఒకరికి చుక్క, ఒకరికి గీత, ఒకరికి నెలవంక. గడప లోపలికి వెళ్ళకపోయినా ఇంట్లో ఎవరికి బాగాలేదో ఉతికే మనిషికి బట్టే చెబుతుంది. జబ్బు ఇళ్ళ మూటలు ఇటు, మామూలు మూటలు అటు వేసి చూసింది. ఊళ్ళో ఉన్నవి రెండు బావులు, తియ్యబావి, ఉప్పుబావి. చుక్క ఇల్లు తాగేది తియ్యబావి నీళ్ళు. గీత ఇల్లు తాగేది తియ్యబావి నీళ్ళు. నెలవంక ఇల్లూ తియ్యబావి నీళ్ళే! అటు కుప్పలో వాళ్ళంతా ఉప్పుబావి వాళ్ళు. ఆ తియ్యబావి ఎక్కడుంది? మిట్ట కింద! చెంబుల సంగతి గుర్తుందా మరి? మన పేటవాళ్ళని ఆ బావిలో చేద వెయ్యనిచ్చేవాళ్ళు కాదు, అందుకే పేటకి ఏమీ కాలేదు.

తెల్లారగానే మూట నెత్తిన పెట్టుకుని కోటకి వెళ్ళింది. భటులు అడ్డుపడితే, ఇవి మంత్రిగారి పంచెలు, దారి ఇస్తారా, ఇక్కడే విప్పనా అంది. గబుక్కున తప్పుకున్నారు. తను కనిపెట్టిందంతా సభలో చెప్పింది. చదువులేనిదానికి రోగాల సంగతి ఏం తెలుసని మంత్రిగారు నవ్వాడు. మరిడి చేతులు కట్టుకుని నెమ్మదిగా అడిగింది:

"తమరింటి నుంచి రోజుకొక పంచె వచ్చేదండీ. నిన్నా మొన్నా రోజుకి ఆరు చొప్పున వచ్చాయి. తమరు తాగేది తియ్యబావి నీళ్ళేనాండీ?"

మంత్రిగారు పొట్ట పట్టుకుని పెరటివైపు పరుగో పరుగు! ఊ కొడుతున్నారా, నవ్వుతున్నారా?

మరిడి నవ్వలేదు. తొమ్మిది రోజులు ఆ బావి మూసి, ఇళ్ళు తెరిపించమంది. రోగం తగ్గకపోతే పేటంతా మారు మాట్లాడకుండా పోతుందని, ముందు మూట తనే ఎత్తుకుంటుందని రాజుగారి కళ్ళలోకి చూసి చెప్పింది. రాజుగారు సరేనన్నాడు. పేటలో ఆ తొమ్మిది రోజులూ ఎవరికీ అన్నం సయించలేదు. జబ్బు మూటలు ఇరవై వచ్చేవి పది వచ్చాయి, పది వచ్చేవి నాలుగు వచ్చాయి. తొమ్మిదోనాడు మంత్రిగారింటి నుంచి ఒకే ఒక్క పంచె వచ్చింది.

రాజుగారు తనంతట తనే రేవుకి నడిచొచ్చాడు. తప్పు నాదేనమ్మా, మెట్లు ఆపేయమంటావా అని అడిగాడు. ఆపడమెందుకండీ, చందమామ రోజూ వస్తాడు, ఎక్కడికీ పోడు, ముందు మిట్ట మీది మురికి ఎత్తించి బావి తోడించండి అంది మరిడి. అలాగే చేశారు. తోడించిన బావిలో మొదటి చేద ఎవరు వేశారో తెలుసా? మరిడి అత్త! దోసిట్లో పట్టుకుని తాగి, ఇంత తియ్యగా ఉంటాయా ఈ నీళ్ళు అని అక్కడే కూర్చుని ఏడ్చేసింది.

అందుకని, ఎంత పెద్దవాళ్ళు చెప్పినా ఎందుకండీ అని అడగండి. అడిగే ముందు మరిడిలా మూట విప్పి చూసుకోండి, ఊరికే నోరేసుకుని పడిపోకండి.

మరిడి ఎవరనుకున్నారు? మా అమ్మమ్మకి అమ్మమ్మ. నమ్మవూ? ఆ దుప్పటి మూల చూడు. మూడు చుక్కలు, కింద ఒక అల. మనింటి గుర్తు అది, ఆమె పెట్టిందే. కథ కంచికి వెళ్ళిపోయింది, గుర్తు మన దగ్గరే ఉంది. కప్పుకుని పడుకోండి.