నక్క కరణం ముడుల తాడు

ఎర్రగట్టు కొండ కింద రెండు పాతర్లు ఉండేవి. పాతరంటే నేలలో లోతుగా తవ్వి, అడుగున గడ్డి పరిచి, పైన రాతి మూత పెట్టిన గొయ్యి. వానలు వెనకబట్టాక కొండ మీది జంతువులన్నీ తాము ఏరుకొచ్చినదాంట్లో కొంత తెచ్చి అందులో దాచుకునేవి. ఎండాకాలంలో వాగు ఎండి, గడ్డి మాడిపోయాక, ఎవరు దాచుకున్నది వాళ్ళు కొద్దికొద్దిగా తీసుకునేవాళ్ళు. పెద్ద పాతరలో జొన్నలు, ఇప్పపువ్వు. చిన్న పాతరలో ఎండు రేగుపళ్ళు, వేరుశనక్కాయలు. ఎవరిది ఎంత అన్న లెక్క తప్పిందా, ఎవరో ఒకరి ఇంట్లో ఆ ఎండాకాలం పస్తే.

పెద్ద పాతర లెక్క చూసేది నక్క జంబన్న. అందరూ ఆయన్ని కరణంగారు అనేవాళ్ళు. చిన్న పాతర లెక్క తాబేలు తాయమ్మది. ఇద్దరి మీదా అజమాయిషీ ముసలి అడవిదున్నది. దాన్ని పెద్దయ్య అని పిలిచేవాళ్ళు. లెక్క రాసినందుకు నక్కకీ తాబేలుకీ పాతరలోంచి తలో భాగం ముట్టేది. ఇది జంతువుల కథే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ళు ఒక్కసారి తమ ఆఫీసులో చుట్టూ చూసుకుని మళ్ళీ ఇక్కడికి రావచ్చు. నేను తొందరపడను.

జంబన్న మొదట్లో లెక్క మామూలుగానే కట్టేవాడు. అడ్డతీగతో పేనిన తాడు ఒకటి తీసుకుని, తట్టకో ముడి వేసేవాడు. రెండేళ్ళు గడిచాక ఒకనాడు ఉడుత వచ్చి, తాడు చూసి, కరణంగారి నోటి దాకా రాకముందే తన లెక్క తనే చదివేసుకుంది. జంబన్నకి గుండెల్లో రాయి పడింది. ఉడుతకి కూడా అర్థమయ్యే పనికి కరణం ఎందుకనిపించదా పెద్దయ్యకి? ఆ రోజు నుంచి ముడుల తీరు మార్చేశాడు. ఎడమ మెలికంటే కుందేళ్ళది, జంట ముడంటే కోతులది, మధ్యలో ఖాళీ వదిలితే పోయినేటి బాకీ, ఖాళీ మీద చిన్న ముడంటే అది తీరిపోయినట్టు. పదకొండేళ్ళలో ఆ తాడు చిక్కుపడిన జడలా తయారైంది. ఎవరైనా చదవబోతే కరణంగారు నవ్వి తాడు లాక్కునేవాడు. జ్వరమొచ్చినా సెలవు పెట్టేవాడు కాదు. పెద్దయ్య ఆ శ్రద్ధకి పొంగిపోయి, "కరణం లేకపోతే పాతర లేదు" అని పదిమందిలో అనేవాడు. ఆ మాట విన్న రోజు జంబన్నకి అన్నం అక్కర్లేదు.

తాయమ్మ పద్ధతి వేరు. పాతర పక్కనే ఒక చదును బండ ఉంది. దాని మీద ఒక్కొక్కరి కాలి గుర్తు గీసి, ఎన్ని తట్టలు తెస్తే అన్ని గీతలు పక్కన గీసేది. తీసుకున్నప్పుడు గీత కొట్టేసేది. పసిపిల్ల కూడా తన కాలు బండ మీద ఆనించి చూసుకుని లెక్క చెప్పగలదు. ఏటా చలికాలంలో ఇసకలో గుడ్లు పెట్టుకోడానికి నెల రోజులు వెళ్ళాలి కాబట్టి, వెళ్ళేముందు వారం రోజులు కుందేలుని పక్కన కూర్చోబెట్టుకుని పని మొత్తం చూపించేది.

ఇది చూసి జంబన్నకి జాలేసేది. ఒకరోజు ఉండబట్టలేక అనేశాడు.

"తాయమ్మా, నువ్వు మంచిదానివేగానీ నీకు ఉద్యోగం చెయ్యడం రాదు."

"లెక్కేమైనా తప్పిందా కరణంగారూ?"

"లెక్క తప్పలేదు, నువ్వే తప్పావు. ఆ కుందేలుకి అన్నీ నేర్పేస్తే రేపు నిన్నెవరు అడుగుతారు? మనం లేకపోతే జరగదనిపించాలి. అదీ ఉద్యోగమంటే."

"నేను గుడ్లు పెట్టుకోడానికి వెళ్ళొద్దా మరి? నేను లేనని వీళ్ళు కడుపు మాడ్చుకుని కూర్చోవాలా?"

"కూర్చోనీ. అప్పుడేగా నీ విలువ తెలిసేది."

తాయమ్మ తల అడ్డంగా ఊపి, గీత గీసే పనిలో పడిపోయింది. సలహా ఇచ్చినందుకు ఆవిడ థాంక్స్ అయినా చెప్పలేదని జంబన్న నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నవాడు ఊరుకుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఆయన నేరుగా పెద్దయ్య దగ్గరికి నడిచాడు.

"పెద్దయ్యా, ఒక పొదుపు మాట చెప్పనా?"

"చెప్పు కరణం."

"చిన్న పాతరకి తాయమ్మ అవసరం ఏముంది? కుందేలుకి పనంతా వచ్చు. ఆవిడ లేకపోయినా ఇట్టే నడిచిపోద్ది. ఆవిడ భాగం మిగిల్చారనుకోండి, పనెక్కువున్న వాళ్ళకి కాస్త..."

"పనెక్కువున్న వాళ్ళంటే?"

"నా పేరు నేను చెప్పుకోలేనుగా" అన్నాడు జంబన్న నేల చూపులు చూస్తూ.

పెద్దయ్య చాలాసేపు నెమరువేసి, "అమావాస్య వెళ్ళాక చెబుతా" అన్నాడు.

కొండ మీద మాట దాగదు. సాయంత్రానికి తాయమ్మ చెవిన పడింది. ఆవిడకి నిజంగానే భయం వేసింది. వాగు అప్పటికే సగం ఎండింది. పాతర భాగం లేకపోతే వైశాఖం దాటడం కష్టం. తాబేలు పరుగెత్తి ఇంకో కొండకి పోయి తిండి వెతుక్కునే జీవి కాదు.

కుందేలు ఏడుపు మొహంతో వచ్చింది. "పిన్నీ, నాకేం రాదని చెప్పేస్తా. కావాలంటే రేపు రెండు తప్పులు కూడా చేస్తా."

"వద్దులేవే. తప్పు లెక్క నేర్పానన్న పేరు కూడా నాకెందుకు?" అంది తాయమ్మ.

అన్నదిగానీ మనసు మనసులో లేదు. కరణంగారు చెప్పిందే నిజమేమో అనిపించింది. కుందేలు వెళ్ళాక బండ దగ్గర కూర్చుని, ముంగిస కాలి గుర్తు చెరిపేసి అక్కడ సున్నా చుట్టింది. నెమలి గుర్తు చెరిపి ఇంకో సున్నా. ఇవి తనకి తప్ప ఇంకెవరికీ తెలియవు. కాస్త ధైర్యం వచ్చింది. మర్నాడు పొద్దున్నే ముంగిస వచ్చి, "నావి ఎన్ని మిగిలాయి తాయమ్మా?" అని అడిగితే ఆవిడ బండకేసి చూసి, ఏ సున్నా ఎవరిదో తెలియక గుడ్లప్పగించింది. తన తెలివికి తనే నవ్వుకుని, కుందేలుని అడిగి రెండు గుర్తులూ మళ్ళీ గీసింది. పోతే పోయిందిలే, ఉన్నన్నాళ్ళయినా నిదానంగా ఉందామనుకుంది.

అమావాస్యకి రెండు రోజుల ముందు ఏటి ఒడ్డు నుంచి ఏనుగమ్మ వచ్చింది. ఏడు కొండల పాతర్లన్నిటికీ పెత్తనం ఆవిడదే. వాటి లెక్కలన్నీ చూసే ముసలి కొంగ కన్ను మందగించి పని మానుకుంది. దాని చోటికి ఒకరు కావాలి. ఏటి ఒడ్డున ఏడాది పొడుగునా నీళ్ళు, నీడ, ఒడ్డంతా పీతలు. పీతల మాట వినగానే జంబన్న నోట్లో నీళ్ళూరాయి.

"ఎర్రగట్టులో మంచి లెక్కలవాళ్ళు ఇద్దరున్నారట. ఇద్దరూ నాతో నాలుగు రోజులు రండి. పని చూపిస్తాను, మీ పనీ చూస్తాను" అంది ఏనుగమ్మ.

"ఆ తాయమ్మ ఎందుకండీ, ఆవిడని ఇక్కడే తీసేసేట్టున్నారు" అన్నాడు జంబన్న మెల్లగా.

"తీసేసేదాకా ఉన్నట్టేగా, రానీ" అంది ఏనుగమ్మ.

పాతర వదిలి వెళ్ళడం జంబన్నకి అలవాటు లేదు. కానీ బయల్దేరబోతుండగా ఒక ఆలోచన తట్టి పాతర దగ్గరికి పరుగెత్తాడు. తాడు తీసి, ఉన్న ముడుల మధ్య ఇంకో మూడు ఉత్త ముడులు బిగించాడు. ఈ నాలుగు రోజులూ వీళ్ళు గిలగిలలాడాలి, ఆ కబురు ఏటి ఒడ్డుకి రావాలి, ఏనుగమ్మ చెవులారా వినాలి. అంతకంటే గొప్ప సిఫారసు ఉంటుందా? ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు. ఈలోగా తాయమ్మ కుందేలుతో, "నెమలి వాళ్ళింట్లో పిల్లలు పుట్టారు, పొద్దున్నే ముందు వాళ్ళకివ్వు" అని చెప్పింది. ఏనుగమ్మ ఆవిడని తొండంతో ఎత్తి వీపు మీద పెట్టుకుంది. అంత ఎత్తు నుంచి కొండని చూడటం తాయమ్మకి అదే మొదలు. ఉద్యోగం పోతుందన్న దిగులు ఆ కాసేపు మరిచిపోయింది.

ఏటి ఒడ్డున ఇద్దరూ పని బాగానే చేశారు. ఉన్నమాట చెప్పుకోవాలి, కూడికల్లో జంబన్న చురుకు. తాయమ్మ ఒక కొండ లెక్క తేల్చేసరికి ఆయన రెండు తేల్చేవాడు. సాయంత్రాలు పీతలు తింటూ, కాలు మీద కాలు వేసుకుని, ఇక్కడ ఏ రాయి మీద కూర్చోవాలో ముందే చూసిపెట్టుకున్నాడు.

మూడోరోజు మధ్యాహ్నం ఉడుత రొప్పుతూ వచ్చింది.

"కరణంగారూ, తొందరగా రండి. రెండు రోజుల్నుంచి పెద్ద పాతర మూత తియ్యలేదు. తాడు చూస్తే ఎవరిది ఎంతో తెలియట్లేదు. పెద్దయ్య విప్పబోతే ఇంకా బిగుసుకుంది. కోతులేమో మాది ముందంటే మాది ముందని కొట్టుకుంటున్నాయి. మా పిల్లలకి నిన్నట్నుంచి జొన్నగింజ కూడా దొరకలేదు."

జంబన్న మొహం వెలిగిపోయింది. "విన్నారా ఏనుగమ్మగారూ? నేను మూడు రోజులు లేకపోతే ఎర్రగట్టు ఆగిపోయింది. ఈ మాట నా నోటితో చెప్పుకుంటే బాగుండదుగానీ, మీరే విన్నారు."

"విన్నాను" అంది ఏనుగమ్మ. ఉడుతకి నాలుగు ఇప్పపువ్వులు అందించి అడిగింది. "మరి చిన్న పాతర ఎలా ఉంది?"

"అదెప్పట్లాగే ఉందమ్మా. కుందేలు ఇస్తోంది. ఎవరి గీత వాళ్ళే కొట్టేసుకుంటున్నారు. ఆ రేగుపళ్ళే లేకపోతే మేం ఈపాటికి..."

తాయమ్మ తల డిప్పలోకి లాక్కుంది. తన కోసం ఎవరూ రాలేదు. తను లేకపోయినా పని నడిచిపోతోందని ఇప్పుడు ఏనుగమ్మకీ తెలిసిపోయింది. పిల్లలకి తిండి అందినందుకు మాత్రం సంతోషించింది.

ఏనుగమ్మ ఇక ఆగలేదు. ఇద్దర్నీ వెంటబెట్టుకుని అప్పుడే బయల్దేరి, తెల్లారేసరికి ఎర్రగట్టు చేరింది. జంబన్న వెళ్ళీ వెళ్ళగానే తాడు అందుకుని, మూత తీయించి, అందరికీ ఇవ్వడం మొదలుపెట్టాడు. జంతువులు "అమ్మయ్య" అన్నాయి. కరణంగారు ఛాతీ విరుచుకుని పెద్దయ్య, ఏనుగమ్మల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మరి నన్నెప్పుడు రమ్మంటారమ్మగారూ?"

"నిన్నెలా తీసుకెళ్ళను కరణం?" అంది ఏనుగమ్మ. "మూడు రోజులకే ఇక్కడ పిల్లలకి గింజ కరువైంది. నిన్ను పట్టుకుపోతే ఈ కొండంతా నన్ను తిట్టుకోదూ? నీ చోట కూర్చోడానికి ఎవరున్నారో చెప్పు, ఈ క్షణమే బయల్దేరదాం."

జంబన్న చుట్టూ చూశాడు. ఉడుత, ముంగిస, కోతులు అందరూ ఉన్నారు. చెప్పడానికి ఒక్క పేరు కూడా రాలేదు.

"నేర్పిస్తానండి. ఈ ఉడుత చురుకైంది, దీనికి నేర్పిస్తా."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

జంబన్న తాడు పొడుగునా చేత్తో తడిమి చూశాడు. మొన్న తను బిగించిన ఉత్త ముడులు మూడూ ఎక్కడున్నాయో ఆయనకే అందలేదు. "ఒక రెండు వానాకాలాలు పట్టొచ్చు" అన్నాడు, గొంతు తగ్గించి.

"నాకు లెక్కలవాళ్ళు ఇవాళ కావాలి" అంది ఏనుగమ్మ. పెద్దయ్య వైపు తిరిగి, "తాయమ్మని పంపుతావా?" అనడిగింది.

"నిస్సందేహంగా" అన్నాడు పెద్దయ్య. "ఆవిడ లేకపోయినా చిన్న పాతర ఇట్టే నడిచిపోద్దని కరణమే నాకు చెప్పాడు. నాలుగు రోజులు చూశాం, ఆయన మాట అక్షరాలా నిజం. అంత ధీమా ఉంది కాబట్టే పంపగలుగుతున్నా. కుందేలు ఆవిడ భాగం తీసుకుని ఆ చోట కూర్చుంటుంది."

డిప్పలోంచి తాయమ్మ తల మెల్లగా బయటికొచ్చింది. ఎవరిని గురించి మాట్లాడుతున్నారో అర్థమవడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది. తాబేలు కదా. అర్థమయ్యాక మాత్రం ఆ సంతోషాన్ని దాచుకోలేదు, కుందేలు చెవి పట్టుకుని, ఏడుస్తూ నవ్వింది.

"నేను కూడికల్లో నిదానమమ్మా" అని ఏనుగమ్మతో ముందే చెప్పేసింది.

"చూశాను. నిదానం పర్వాలేదు. నువ్వు గుడ్లు పెట్టుకోడానికి వెళ్ళిన నెల రోజులూ నేను హాయిగా నిద్రపోవచ్చు, నాకదీ కావాల్సింది" అంది ఏనుగమ్మ.

తాయమ్మ ఏటి ఒడ్డుకి వెళ్ళిన మొదటి రోజే నీటికుక్క పిల్లల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని గీతలు చూపించడం మొదలుపెట్టిందట. ఎర్రగట్టులో జంబన్న కూడా ఉడుతని కూర్చోబెట్టుకున్నాడు. "ఇది కుందేళ్ళ ముడి, ఇది కోతులది, ఇది..." అని మూడో ముడి దగ్గర ఆగి, బుర్ర గోక్కుని, "రేపు చెబుతాలే" అన్నాడు. ఉడుత రోజూ పొద్దున్నే వచ్చి కూర్చుంటోంది.

తను లేకపోతే పని ఆగిపోవాలని కోరుకున్నవాడు ఆ పని దగ్గరే ఆగిపోతాడు.