గెస్టు మెషిన్‌కు సొంత అడ్రసు

సుభానీ మాస్టారు ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పే మనిషి కాదు. ఆ పెద్దాసుపత్రి కంప్యూటర్ గదిలో ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పైడిరాజుకు ఆ సంగతి తెలుసు. అయినా ఒక ఉదయం ఉండబట్టలేక అడిగాడు.

లినక్స్ సర్వర్ లోపల అతనొక వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ లాంటిది, నిలబెట్టి, బ్లడ్ బ్యాంకు నిల్వల పట్టిక అందులో పెట్టాడు. సర్వర్‌లో అతిథిలా ఉన్న ఆ గెస్టు మెషిన్, సర్వర్ నెట్‌వర్క్ అడ్రసు చాటున బయటికి వెళ్లి తనకు కావలసినవి తెచ్చుకుంటోంది. వార్డుల నుంచి మాత్రం దాన్ని ఎవరూ తెరవలేకపోతున్నారు. బ్రిడ్జి కట్టి, అంటే దాన్ని నేరుగా ఆసుపత్రి నెట్‌వర్క్‌కు కలిపి, దానికి సొంత అడ్రసు ఇమ్మన్నారు మాస్టారు.

"చాటున భద్రంగా ఉందండీ. దాని త... తరఫున సర్వరే మాట్లాడితే చాలదా?" అన్నాడు పైడిరాజు.

మాస్టారు లేచి, అతన్ని వెంటబెట్టుకుని డయాలసిస్ వార్డుకు వెళ్లారు.

పైడిరాజుకు చిన్నప్పటి నుంచీ నత్తి. మూడేళ్లుగా వార్డుల నుంచి వచ్చే ఫోన్లన్నీ మాస్టారే ఎత్తుతున్నారు. పని అతనిది, మాట ఆయనది. అందులో ఉన్నది దయేనని ఇద్దరికీ తెలుసు.

కొత్త పట్టిక ఎవరు చేశారని హెడ్ నర్సు ఎస్తేరమ్మ అడిగింది. పైడిరాజు అలవాటుగా మాస్టారి వైపు చూశాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. 'పై' దగ్గరే అతని మాట చిక్కుకుపోయింది. ఎస్తేరమ్మ తొందరపెట్టలేదు, మిగతా మాట తను అందించబోలేదు. కలం పట్టుకుని అలాగే నిలబడింది. చివరికి పేరు బయటికొచ్చింది, దాని వెనకే అతని బల్ల మీది ఫోన్ నంబరూ వచ్చింది. రెండూ గోడ మీది చార్టులో రాసుకుందామె.

ఆ మధ్యాహ్నమే అతను బ్రిడ్జి కట్టాడు. వార్డుల్లో పట్టిక తెరుచుకుంది.

మర్నాడు అతని బల్ల మీది ఫోన్ మోగింది. పక్కనే కూర్చున్న మాస్టారు చెయ్యి చాపలేదు. అయిదో మోతకు పైడిరాజు ఎత్తాడు. చార్టులో అతని పేరు చూసి డయాలసిస్ వార్డు నుంచి చేశారు; ఎవరికో అరుదైన గ్రూపు రక్తం కావాలి, పట్టికలో ఎక్కడ వెతకాలో తెలియడం లేదట. ఆగుతూ, తడబడుతూ దారి చెప్పాడు. రెండు సంచులు దొరికాయి. అతను పూర్తిచేసేదాకా అవతలి మనిషి ఓపిగ్గా విన్నది.

ఫోన్ పెట్టేశాక అతను మాస్టారి వైపు తిరిగాడు. మీరు ఎత్తుతారనుకున్నానండీ అన్నాడు.

మాస్టారు కళ్లజోడు తీసి నెమ్మదిగా తుడుచుకున్నారు.

"అడిగింది నన్ను కాదు, నాయనా."