శేషభట్టు గడ్డం

యుద్ధంలో భుజంలోకి ఈటె దిగి, మంగలి పోతులయ్య కుడిచేతి నరాలు చచ్చిపోయాయి. గాయం మానింది కానీ వేళ్ళకి స్పర్శ రాలేదు. దెబ్బతిన్న సైనికులకిచ్చే మాన్యం అడిగితే, అధికారి శేషభట్టు "చెయ్యి నిక్షేపంలా ఉంది, పోయి క్షవరాలు చేసుకో" అన్నాడు.

పోతులయ్య రాణిగారికి మొరపెట్టుకున్నాడు. అక్కడా శేషభట్టుది అదే మాట.

"అయితే మొదటి గడ్డం తమరిదే, కూర్చోండి బాబూ" అని పోతులయ్య పొది విప్పాడు. రాణి చూస్తోందని శేషభట్టు కూర్చున్నాడు. పోతులయ్య ఎడంచేత్తో గడ్డం తడిపి, కుడిచేత్తో కత్తి పట్టాడు. అది వణుకుతూ మెడ దగ్గరికొచ్చింది.

"తెగితే చెప్పండి బాబూ, నా వేళ్ళకి తెలీదు."

శేషభట్టు చటుక్కున లేచాడు. "ఇవాళ మంగళవారం కదా, క్షవరం కూడదు. రేపు చూద్దాం."

"రేపటికి ఆ చెయ్యి బాగవుతుందా, భట్టుగారూ?" అంది రాణి.

తడిగడ్డంతోనే శేషభట్టు మాన్యం రాసిచ్చాడు.